తప్పు లేదన్న ఉత్తరం

"ఇంకొకసారి చదువు," అంది కమలిని.

"రెండుసార్లు చదివినా గదమ్మా."

"మీ నాయన విన్లేదు. ఇంకొకసారి చదువు."

యోగానంద్ పొద్దున ఆరింటికే చదివేసిన దినపత్రికను మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు. ముప్ఫై ఏళ్లు నంద్యాల డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. క్లాసులో గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడని పేరు. ఇంట్లో మాత్రం ఆయనకు కోపం వస్తే మాట రాదు, కోపం రాకపోయినా రాదు.

అనన్య కంప్యూటర్ వైపు తిరిగింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. తండ్రి తన ఈమెయిల్ మూయకుండా లేచిపోవడం, తర్వాత కూర్చున్నవాళ్లు చూడనట్టు మూసేయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈ రోజు అనన్య చూసింది. చూసి మూయలేదు, తల్లిని పిలిచింది.

తండ్రి శిష్యురాలు షాలిని ఉద్యోగం గురించి జర్మనీ నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరాన్ని మూడోసారి తెలుగులో చెప్పింది.

"డాక్టర్ షాలిని పని మాకు నచ్చింది. సిఫారసు ఉత్తరాలు ఇచ్చిన మిగతా ఇద్దరూ ఆమె గురించి గొప్పగా రాశారు. కానీ ఈ మూడేళ్లూ ఆమె పనిని దగ్గరుండి చూసింది మీరు. మీ ఉత్తరంలో ఆమె లెక్కల్లో తప్పులు ఉండవు, చెప్పిన వేళకు వస్తుంది అన్న రెండు మాటలే ఉన్నాయి. దాన్ని చూసి మా కమిటీ వెనకాడుతోంది. ఇంకేమైనా చెప్పదలిస్తే శుక్రవారం మీ సాయంత్రం ఆరులోగా రాయండి."

"ఈపొద్దు ఏం వారం?" అడిగింది కమలిని, తెలియనట్టు.

"శుక్రవారం."

పత్రిక పేజీ తిరిగింది.

"పోయిన ఏడాది నుంచి తొమ్మిది చోట్ల ఆ పాపను కాదన్నారు," అంది కమలిని. "తొమ్మిదిసార్లూ మనింటికొచ్చి, పోతే పోయిందిలే సార్ అని మిమ్మల్నే ఓదార్చి పోయింది. ఆ తొమ్మిదింటికీ పోయింది మీరు రాసిన ఈ రెండు మాటల ఉత్తరమేనా?"

యోగానంద్ పత్రిక కొద్దిగా దించాడు.

"అదే."

అనన్య నెత్తి పట్టుకుంది. "నాయనా, పోస్ట్‌డాక్ అంటే ఏందో మీకు నేను చెప్పాల్నా? పీహెచ్‌డీ అయినాక రెండు మూడేళ్లు పెద్ద సంస్థలో ఉండి సొంతంగా పరిశోధన చేసే ఉద్యోగం. ఆ మెట్టు ఎక్కకుంటే పైన మెట్టే లేదు. పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ల లోపలే తీసుకుంటామంటారు. మార్చికి దానికి నాలుగేళ్లు నిండుతాయి. ఇది పోతే ఇంక యాడికి పోయి అప్లై చేస్తాది?"

"నేను చెడ్డగా ఏం రాయలేదు," అన్నాడు యోగానంద్. "తప్పు లేదని రాసినా. మా నాయన పన్నెండేళ్లు నాకు పాఠం చెప్పి, ఒకే ఒక్కసారి ఆ మాట అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం."

ఆయన తండ్రి పార్థసారథి అహోబిలంలో పిల్లలకు ఆళ్వార్ల దివ్యప్రబంధం చెప్పేవాడు. అందులో పాశురం ఎంత గొప్పగా చదివినా శిష్యుడి మొహాన మెచ్చుకోలు మాట పలికి ఎరగడు. గురువు నోటితో పొగిడితే శిష్యుడి చదువుకు దిష్టి అని ఆయన నమ్మకం. 'తప్పు లేదు' అన్నాడంటే దానికి మించిన బిరుదు ఆ ఊళ్లో లేదు. యోగానంద్ ఆ కొలమానం పట్టుకునే ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దాడు, ఆ కొలమానంతోనే ఉత్తరం రాశాడు.

"మీ నాయన పాఠం చెప్పింది అహోబిలంలో," అంది కమలిని. "ఆ జర్మనీ ఆయనకు మీ నాయన యాడ తెలుసు?"

ఇంకో రోజైతే అనన్య నవ్వేది.

కమలిని భర్తకు ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో ఆమె గొంతు తగ్గిందంటే అసలు మాట వస్తున్నట్టు.

"ఆ పాప మనింటికి వచ్చిన మొదటి ఏడాది నేను ఆమెకు గ్లాసు వేరే పెట్టినా. కిటికీలో. నేను చెప్పకనే ఆమె దాన్నే తీసుకునేది, కడిగి ఆడనే పెట్టేది. అది నా పాపం, ఒప్పుకుంటాండా. ఎప్పుడూ నోరెత్తని మీరు ఆపొద్దు నామీద అరిచినారు, గ్లాసు తీయించినారు. ఎంత మంచి మనిషి అనుకున్నా. తీయించిన గ్లాసు తీసుకపోయి ఉత్తరంలో పెడతారనుకోలే."

యోగానంద్ పత్రిక మడిచాడు. మడిచిన చోటే ఇంకో మడత పెట్టాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు.

"యాడికి?"

"ఆళ్లగడ్డకు, షాలిని ఇంటికి."

"ఫోన్ చేస్తే అయిపోతాది గదా నాయనా. ఈడనే కూచుని కొత్త ఉత్తరం రాసి పంపితే అయిపోతాది. నాలుగింటికి అది ఆడ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి, సర్టిఫికెట్లు వాళ్ల చేతికి ఇచ్చేస్తాది. ఒరిజినల్స్ ఒకసారి వాళ్ల బీరువాలోకి పోతే మూడేళ్లకు గానీ బయటికి రావు."

"ఫోన్లో చెప్పే మాట కాదు," అన్నాడు యోగానంద్.

కమలిని ఆయన వైపు చూడకుండానే అంది: "తినిపోండి."

ఆయన తినలేదు. ఆమె రెండోసారి అడగలేదు.

*

ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సిరివెళ్ల దాటేదాకా యోగానంద్ ఒళ్లో తెల్ల కాగితం అట్లాగే ఉంది.

రాయలేక కాదు. భార్యకూ కూతురికీ చెప్పింది నిజమే, కానీ సగమే. రెండో సగం వాళ్లకు తెలియదు, షాలినికి తెలుసు. అందుకే ఫోన్లో చెప్పే మాట కాదన్నాడు.

యోగానంద్ వయసులో ఉన్నప్పుడు రెండేళ్లు ఇటలీలో పోస్ట్‌డాక్ చేశాడు. ఒక్క ఎలక్ట్రాన్ ఎట్లా నడుస్తుందో పుస్తకాల్లో ఉంది. కోటానుకోట్లు ఒకచోట చేరి ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఏం జరుగుతుందనేదే ఆయన పట్టుకున్న ప్రశ్న. తల్లికి జబ్బు చేసి నంద్యాల వచ్చేశాడు. ప్రశ్న కూడా ఆయన వెంట వచ్చింది. ఇరవై ఏళ్లు దాని చుట్టూ తిరిగాడు, గానుగెద్దు తిరిగినట్టు.

షాలిని డిగ్రీలో ఆయన విద్యార్థి. పీహెచ్‌డీ ముగించుకుని, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చాక, ఆదివారాలు చర్చి అయిపోగానే బస్సెక్కి నంద్యాల వచ్చేది. అట్లాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నోట్సు అరగంట చూసి, పెన్ను మూత పెట్టేసింది.

"ఒక్కోదాని వెంట పడితే మనకు ఏం తెలుస్తాది సార్? ఇంత తోపులాటలో గూడా మారకుండా ఉండేది ఏదో ఒకటి ఉంటాది. అది పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తాది."

ఆ సాయంత్రానికే అది దొరికింది. ఆయన ఇరవై ఏళ్లూ, ఆమె ఒక్క పూట.

దాని మీద పరిశోధన పేపర్ రాసేటప్పుడు షాలిని ఆయన పేరు ముందు టైప్ చేసింది, తన పేరు తర్వాత. "గురువు పేరు ఎనక ఉంటే నాకే బాగుండదు సార్," అంది. ఆ లోకంలో పేరు ముందుంటే ఆలోచన ఆయనదే అని లెక్క. అది ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. యోగానంద్ "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

పేపర్ అచ్చయ్యాక కాలేజీ వాళ్లు సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. మూడో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది షాలినే.

అందుకని ఉత్తరంలో ఆమె ఏం చేసిందో రాయబోతే కలం అక్కడికొచ్చి ఆగేది. రాస్తే శాలువా సంగతేం కావాలి? అప్పుడు తండ్రి మాట బాగా అక్కరకొచ్చింది. దిష్టి తగులుతుందని రెండు వాక్యాలతో సరిపెట్టాడు. ఆమె మర్యాద ఆమె ముందరి కాళ్లకు బంధమైతే, ఈయన మర్యాద వెనక కాళ్లకు.

బస్సు కుదుపుకు కాగితం కింద పడింది. తీసుకోవడానికి వంగినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. పక్క సీటు ఆమె ఎండ పడుతోందేమోనని కిటికీ మూసింది.

*

ఆళ్లగడ్డలో దిగగానే ఉలి చప్పుడు. రోడ్డు పొడుగునా శిల్పాల షెడ్లు. షాలిని తండ్రి దేవదానం వాటిలోనే ఒకదాంట్లో విగ్రహాలకు నునుపు పెట్టే పని చేస్తాడు. క్రైస్తవుడివి, విగ్రహాలు ముట్టుకోవడమేందని చర్చిలో ఎవరో అడిగితే, "నా చేతికి వచ్చినప్పుడు అది రాయే గదప్పా" అన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

"పాపా, సార్ వచ్చినారు!" షాలిని తల్లి దానమ్మ లోపలికి కేకేసి, కుర్చీ కొంగుతో తుడిచింది. "ఎండనపడి వచ్చినారే సార్. ఫోన్ చేసింటే పాపనే పంపిచ్చింటి గదా."

దేవదానం మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఉన్నాడు. కనుబొమ్మల మీద రాతి దుమ్ము ఇంకా అట్లాగే ఉంది. చేయి కడుక్కుని నిలబడ్డాడు.

షాలిని బయటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా అన్నీ ఒరిజినల్స్.

"మీరు ఆశీర్వదించి పోదామని వచ్చినారు గదా సార్," అంది నవ్వి. "నాలుగింటికి చేరాల. ఇంటర్ పిల్లోళ్లకు చెప్పడం గూడా మంచి పనే సార్. మీరు చెప్పలేదా?"

ఆ నవ్వు చూసి యోగానంద్‌ దానమ్మ తుడిచిన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కూర్చున్నాడు.

"షాలినీ, జర్మనీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది."

ఆమె నవ్వు ఆగింది. "కాదన్నారా?"

"కాదనలేదు. నిన్ను తీసుకోవాలనే ఉంది వాళ్లకు. అడ్డం పడింది నేను."

చెప్పాడు. ఉత్తరంలో రాసిన రెండు వాక్యాలూ తెలుగులో చెప్పాడు. తొమ్మిది చోట్లకూ అదే పోయిందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు.

దానమ్మకు సగమే అర్థమైంది. "తప్పు లేదంటే మంచిమాటే గదా సార్?"

"ఆడ చాలదమ్మా," అంది షాలిని. గొంతులో ఏమీ లేదు. ఫైలు ఇంకో చేతికి మార్చుకుని, "తొమ్మిదింటికీ అదేనా సార్?" అంది.

"అదే తల్లీ."

"నాకు చేత కాదేమో అనుకున్నా సార్. తొమ్మిదిసార్లూ నాకే చేత కాదేమో అనుకున్నా."

దేవదానం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. వీధిలో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

యోగానంద్ అక్కడితో ఆగి ఉంటే సగం బరువే దిగేది. ఆగలేదు.

"ఎందుకట్ల రాసినానో గూడా చెప్తా, వినండి. మా ఇద్దరి పేరుతో వచ్చిన పేపర్లో అసలు ఆలోచన మీ పాపది. నాది కాదు. పేరు మాత్రం నాది ముందుండాది. అది రాయాల్సి వస్తాదని భయపడి, ఏదీ రాయకుండా వదిలేసినా."

దేవదానం తలెత్తాడు. చాలా నెమ్మదిగా, తెలుసుకోవడానికే అడిగాడు.

"అయితే సార్, ఆపొద్దు కాలేజీలో శాలువా మీకెందుకు కప్పినారు?"

"నాయనా," అంది షాలిని.

"లేదు పాపా, నేనేం తగాదాకు అడగల్యా. నేనూ పని ఇడిచిపెట్టి వచ్చింటి గదా ఆపొద్దు. ఎనక నిలబడి చూసినా. మన పాపకు చదువు చెప్పిన సార్‌కు సన్మానం అని మా మేస్త్రీకి చెప్పుకుంటి. అందుకే అడుగుతాండా."

యోగానంద్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "కప్పకూడదని ఆపొద్దే చెప్పాల్సింది దేవదానం. చెప్పలేకపోయినా."

దానమ్మ లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

*

ఉత్తరం షాలిని లాప్‌టాప్‌లోనే రాశాడు. మొదటి వాక్యానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత చేయి ఆగలేదు. ముప్ఫై ఏళ్లలో తాను చూసిన విద్యార్థుల్లో ఇంత లోతుగా ఆలోచించే మనిషి లేరని రాశాడు. దారి మూసుకుపోయిందని అందరూ వదిలేసిన చోట ఆమె కూర్చుంటుందని రాశాడు. మొదటి ఉత్తరం చప్పగా ఉండటం తన లోపమనీ, ఆమె లోపం కాదనీ రాశాడు. చివర ఒక పేరా: 'మేమిద్దరం రాసిన పేపర్లో కీలకమైన ఆలోచన షాలినిది. నా పేరు ముందుండటం ఆమె నాకిచ్చిన గౌరవం మాత్రమే. దాన్ని నేను తీసుకోకుండా ఉండాల్సింది.'

తెలుగులో చదివి వినిపించాడు. దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంతవరకూ ఆమె బిడ్డ గురించి ఎవరూ ఆమె ఎదుట అట్లా చెప్పలేదు.

"కడాకు రాసింది తీసేయండి సార్," అంది షాలిని.

"ఎందుకు?"

"మీకు పేరు తెచ్చింది ఆ ఒక్క పేపరే సార్." మొహమాటపడుతూ చెప్పింది. "నేను ఇంకా పది రాస్తా. పైన రాసింది చాలు, అది చూస్తే ఎవురైనా తీసుకుంటారు. ఈ మాట ఆడికి పోతే ఈడికీ వస్తాది. కాలేజీలో తెలుస్తాది. మీకు అట్ల కావడం నాకిష్టం లేదు."

"ఉండనీ పాపా, నిజమే గదా," అన్నాడు దేవదానం.

"నువ్వు ఊరకుండు నాయనా."

యోగానంద్ గుండెలో ఏదో సడలింది. అది ఊరట అని గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం పట్టింది. గుర్తుపట్టి సిగ్గుపడ్డాడు. ఈ పిల్ల దగ్గర ఇంకెన్నిసార్లు తీసుకుంటావని తన్ను తానే అడిగాడు.

అడిగాడు, నిజమే. సిగ్గుపడ్డాడు, అదీ నిజమే. కానీ పేరా చెరిపేశాడు.

ఉత్తరం పోయింది. గోడ గడియారంలో రెండున్నర.

"అన్నం పెడతా సార్, ఏం తినకుండా వచ్చినట్టుండారు," అంది దానమ్మ. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. జొన్నరొట్టె, గోంగూర. షాలిని ఎదురుగా కూర్చుని ఆదివారాల్లో లాగే ఏదో లెక్క గురించి అడిగింది. ఆయన జవాబు చెప్పాడు. దేవదానం పనికి పోకుండా గడప దగ్గరే ఉండిపోయాడు.

రొట్టె సగంలో ఉండగా చొక్కా జేబులో ఫోన్ మోగి ఆగింది. ఎడమ చేత్తో తీసి చూశాడు. జర్మనీ నుంచే.

'ఉత్తరానికి ధన్యవాదాలు. చాలా మంచి ఉత్తరం. కమిటీ ఒక్క విషయమే అడుగుతోంది. మీరిద్దరూ రాసిన పేపర్ కోసమే మేం ఆమెను పిలవాలనుకుంటున్నాం. అందులో మీ పేరు ముందుంది, మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. ఆ ఆలోచన ఎవరిది? ఆరులోగా ఒక్క మాట రాస్తే చాలు. రాకపోతే, మీదే అనుకుని వేరే అభ్యర్థిని తీసుకుంటాం.'

రెండుసార్లు చదివాడు.

"ఏమంటాండారు సార్?" దానమ్మ అడిగింది. షాలిని చూస్తోంది. గడప దగ్గర నుంచి దేవదానం చూస్తున్నాడు.

చెప్పడానికే నోరు తెరిచాడు. ఇంతకుముందే అన్నీ ఒప్పుకున్నాడు కదా, ఇంకో మాటకు భయమేముంది? కానీ ఇందాక చెప్పింది నలుగురి మధ్య. ఇది కాగితం మీద, తన సంతకంతో, ఎప్పటికీ ఉండిపోయేది. ఆరు గంటల దాకా టైముంది కదా అనిపించింది. బస్సులో ఆలోచించుకుని రాయొచ్చు అనిపించింది.

"ఏం లేదు," అన్నాడు. "ఉత్తరం అందిందంట. శానా బాగుందంట."

"స్తోత్రం ప్రభువా!" దానమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

షాలిని కళ్లు మూసి తెరిచింది. ఏడాదిలో ఆమె మొహం అంత తేటగా ఉండటం ఆయన చూడలేదు. ఫైలు తీసుకుపోయి ట్రంకుపెట్టెలో పెట్టి, మూత వేసి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అయితే కాలేజీ వాళ్లకు ఇప్పుడే చెప్పేస్తా సార్. ఇంకొకాయన ఆ ఉద్యోగం కోసం పొద్దున్నుంచి ఆడనే కూచోనుండాడంట. ఊరికే ఆయన్ను ఎందుకు కాపెట్టాల?"

యోగానంద్ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. ఆగు తల్లీ అనాలి. అంటే, ఎందుకని అడుగుతుంది.

షాలిని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్తే సార్, షాలినిని మాట్లాడతాండా. లేదు సార్, నేను రావడంల్యా. ఆయన్ను తీసుకోండి."